చీపురు కర్ర ఎంత పొడుగుండాలి?

ఒళ్ళూ పనీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జనం కోసం ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు తమ నొప్పుల గురించి రాయాలని కిందటి సంచికలో అడిగాను. గోదారికి ఇటు నుంచీ అటు నుంచీ ఉత్తరాలొచ్చాయి. వీధులు ఊడ్చేవారు, 108లో తిరిగేవారు, స్తంభాలెక్కేవారు, కాలువ గట్ల మీద నీళ్ళు చూసుకునే లస్కర్లు రాశారు. అమలాపురంలో ఫిజియోథెరపీ చేస్తూ నేను రోజూ చూసేది ఈ మనుషులనే. దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఒకే మాట ఉంది: "వయసైపోతోంది కదండీ." ముప్పై ఎనిమిదేళ్ళ తమ్ముడూ అదే రాశాడు, యాభై దాటిన అక్కగారూ అదే రాశారు. నేను ఆ మాట ఒప్పుకోను. నా దగ్గరకు నడుం పట్టుకుని వచ్చినవాళ్ళను నేను ముందు వయసు అడగను. చేతిలో ఏం పట్టుకుంటారు, అది ఎంత ఎత్తులో ఉంటుంది, ఒంటికి ఎంత దూరంలో ఉంటుంది అని అడుగుతాను. నొప్పి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

*

ప్రశ్న: అమ్మా, నమస్కారమండి. నేను మునిసిపాలిటీలో ఊడుపు పని చేస్తాను. తెల్లారగట్ల ఐదింటికి ఫోన్లో మొహం చూపించి హాజరు వేయించుకుని చీపురు పట్టుకుంటాను. ఎనిమిదయ్యేసరికి నడుం పట్టేస్తుంది, నిటారుగా లేవలేను. కుడి భుజం రాత్రుళ్ళు ఒకటే లాగుడు, ఆ పక్కకి తిరిగి పడుకోలేను. డాక్టరుగారు మాత్రలిచ్చి వంగొద్దన్నారు. వంగకుండా ఊడ్చేదెలాగమ్మా? నాకు నలభై నాలుగేళ్ళు.
– ఒక పారిశుద్ధ్య కార్మికురాలు, పశ్చిమ డెల్టా

జవాబు: చెల్లెమ్మా, నీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. వంగకుండా ఊడ్చే చీపురు నీ చేతిలో లేదు, అంతే. మన కోనసీమలో ఇంటింటా కట్టుకునే కొబ్బరి ఈనెల చీపురు ఇంటి వాకిలి కోసం పుట్టింది. వాకిలి పావుగంట పని. అదే పొట్టి చీపురుతో మూడు గంటలు వీధి ఊడిస్తే నడుం ఆ మూడు గంటలూ వంగే ఉంటుంది. వంగిన నడుం ఊరికే ఉన్నా బరువు మోస్తున్నట్టే, ఎందుకంటే నీ తల, చేతులు, ఛాతీ అన్నింటినీ వెనక కండరాలే పట్టి ఉంచాలి.

ఆ చీపురునే తీసుకో. ఎండిన, తేలికైన వెదురు కర్రకు గట్టిగా బిగించి కట్టించు. నువ్వు నిటారుగా నిలబడితే కర్ర పై కొస నీ గడ్డం దాకా రావాలి. పై చెయ్యి ఛాతీ ఎత్తులో, కింది చెయ్యి నడుం ఎత్తులో ఉండాలి. అందుకే అందరికీ ఒకే కొలత కర్ర పంచితే కుదరదు, పొట్టివాళ్ళ కర్ర పొడుగువాళ్ళకు పనికిరాదు. కర్ర లావు కూడా చూసుకో. పిడికిలి పట్టినప్పుడు బొటనవేలి కొస నడిమి వేలి కొసను తాకాలి. మరీ సన్నమైతే వేళ్ళు గట్టిగా బిగుసుకుంటాయి, మరీ లావైతే మణికట్టు అలిసిపోతుంది. పట్టుకునే చోట పాత సైకిలు ట్యూబు చుట్టుకుంటే చెమటకు జారదు.

ఊడ్చేటప్పుడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టు. చెత్తను దూరానికి విసిరినట్టు కాకుండా ఒంటికి దగ్గరగా, అడుగులతో పాటు తోసుకుంటూ వెళ్ళు. నడుం మెలితిప్పి పక్కకు చిమ్మేది నడుముకు ఎక్కువ చేటు. సందు మారినప్పుడల్లా చేతులు మార్చు, ఎడమ చెయ్యి పైకి, కుడి చెయ్యి కిందికి. మొదట్లో చేతకానట్టుంటుంది, కొన్నాళ్ళకు అలవాటైపోతుంది. నీ కుడి భుజం లాగుడుకు పెద్ద కారణం ఏళ్ళ తరబడి అదొక్కటే పైన ఉండి పనిచేయడం.

ఇంకో సంగతి మీ మేస్త్రీగారికి కూడా వినిపించు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయి, డిస్కులంటారు. మనం పడుకున్నంతసేపూ అవి నీళ్ళు పీల్చుకుని, నానబెట్టిన శనగల్లా ఉబ్బి బిగువుగా ఉంటాయి. పొద్దున్న మనిషి రాత్రి కంటే దాదాపు ఒక శాతం పొడుగ్గా ఉండేది అందుకే. లేచిన మొదటి గంటలోనే ఆ నీరు సగానికి పైగా దిగిపోతుంది. దిగేలోగా బాగా వంగితే డిస్కు మీద, దాన్ని పట్టి ఉంచే తాళ్ళ (లిగమెంట్ల) మీద ఒత్తిడి మధ్యాహ్నం కంటే చాలా ఎక్కువ. పాత నడుం నొప్పి ఉన్నవాళ్ళు పొద్దున్నే వంగడం మానుకుంటే నొప్పి తగ్గిందని 1998లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో తేలింది. మీరు నాలుగింటికి లేచి ఐదింటికి పనిలో ఉంటారు. కాబట్టి మొదటి గంట నిలబడి ఊడ్చే పని పెట్టుకోవాలి. డ్రెయిన్లో పూడిక తీయడం, తట్టలెత్తడం ఆరున్నర తరవాతకు జరపాలి. దీనికి పైసా ఖర్చు లేదు, పని వరస మార్చడమే.

చెత్త కుప్పలు ఎత్తడానికి రెండు రేకులు పట్టుకుని వంగుతారు కదా. పదిహేను కిలోల నూనె డబ్బాను ఏటవాలుగా కోయించి, అంచులు మడిపించి, దానికి పొడుగు కర్ర వేయించుకుంటే కుప్పను అందులోకి ఊడ్చి నిలబడే ఎత్తొచ్చు. డ్రెయిన్ పూడిక తట్ట నిండా నింపొద్దు. తడి మట్టి అదే కొలత నీళ్ళ కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువుంటుంది. సగం తట్టతో రెండుసార్లు తిరిగినా ఒంటికి లాభమే. బండిని లాగొద్దు, తొయ్యి. తోసేటప్పుడు ఒంటి బరువు సాయమొస్తుంది, దారీ కనిపిస్తుంది. దాని టైర్లలో గాలి ఉందో లేదో రోజూ ఒక్క క్షణం నొక్కి చూసుకో. గాలి తగ్గిన బండి ఖాళీదైనా బరువే.

భుజానికి: రాత్రి ఎడమ పక్కకు తిరిగి, కుడి చేతి కింద దిండు పెట్టుకుని పడుకో. రోజుకు రెండుసార్లు గోడకు అడుగున్నర దూరంలో నిలబడి, రెండు అరచేతులూ గోడకు ఆనించి మెల్లగా ముందుకు వంగి వెనక్కి రా. పదిసార్లు చాలు. రెండు మూడు వారాలైనా చెయ్యి పైకెత్తలేకపోతే, జాకెట్టు హుక్కు వెనక పెట్టుకోలేకపోతే మళ్ళీ చూపించుకోవాలి, అప్పుడు షుగర్ పరీక్ష కూడా చేయించుకో. షుగర్ ఉన్నవాళ్ళకు భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువగా వస్తుంది, కొందరికి ఆ భుజం చెప్పేదాకా షుగర్ ఉన్నట్టే తెలీదు.

*

ప్రశ్న: నేను 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో పేషెంటును చూసుకునే మనిషిగా చేస్తున్నాను మేడమ్. మాకు లంక గ్రామాలు చాలా ఉన్నాయి. పేషెంటును పడవలో రేవుకు తెస్తారు, అక్కడి నుంచి గట్టు మీద ఉన్న బండి దాకా స్ట్రెచర్ మొయ్యాలి. ఉండేది పైలట్ (బండి నడిపేవాడు), నేను, ఇద్దరమే. మొన్న ఒక భారీ మనిషిని ఎత్తుతుంటే నడుంలో కలుక్కుమంది. వారం అయ్యింది, ఇప్పుడు బాగానే ఉన్నా భయంగా ఉంది. నడుం బెల్టు కొనుక్కోమని స్నేహితులు చెబుతున్నారు. పనిచేస్తుందా?
– ఒక తమ్ముడు, కోనసీమ

జవాబు: తమ్ముడూ, బెల్టు కొనకు, ఆ డబ్బులు దాచుకో. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యాన్ని పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1994లో ఈ బెల్టుల సంగతి తేల్చేందుకు ఉన్న పరిశోధనలన్నీ చూసింది. నొప్పి లేని మనిషి నడుముకు దెబ్బ తగలకుండా బెల్టు కాపాడుతుందనడానికి ఆధారం లేదని చెప్పింది. బెల్టు కట్టుకున్నాం కదా అని ఇంకొంచెం బరువెత్తే ప్రమాదం వేరే ఉంది. నొప్పి వచ్చాక డాక్టరుగారు కొద్దిరోజులకు రాసే బెల్టు సంగతి వేరు.

మరి కాపాడేదేమిటి? మనుషుల సంఖ్య. ఆ సంస్థే 1991లో బరువెత్తడానికి ఒక లెక్క కట్టింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు ఒంటికి ఆనుకుని, నడుం ఎత్తులో, పట్టుకోవడానికి మంచి పిడితో, మెలి తిరగకుండా ఉన్నప్పుడు ఒక మనిషికి 23 కిలోలు. బరువు చీలమండల నుంచి పాతిక సెంటీమీటర్లు కాకుండా యాభై సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ హద్దు సగానికి, పదకొండున్నర కిలోలకు పడిపోతుంది. కింద నుంచి ఎత్తితే ఇంకా తగ్గుతుంది. ఇప్పుడు నీ రేవు చూద్దాం. స్ట్రెచర్ బరువు వదిలేసినా, 70 కిలోల మనిషిని ఇద్దరెత్తితే తలకు 35 కిలోలు. అదీ నేల మీద నుంచి, బురదలో, ఏటవాలులో. ఇక్కడ నీ నడుం బలం సంగతి ప్రశ్నే కాదు. ఆ పని ఇద్దరిది కాదు, నలుగురిది.

ఆ నలుగురు ఎక్కడున్నారంటే, పేషెంటుతో పాటే పడవలో వచ్చారు. లంకల్లో పేషెంటును ఒంటరిగా ఎవరూ పంపరు, పదిమంది రేవు దాకా వస్తారు. సాయం చేయడానికి అందరూ ఉరుకుతారు, నలుగురూ నాలుగు వైపులా లాగుతారు. అందుకని ముందే మాట్లాడు. నలుగురిని ఎంచుకుని, "నేను మూడు అన్నప్పుడే ఎత్తాలి, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు" అని చెప్పు. లెక్క చెప్పేవాడు ఒక్కడే ఉండాలి, అది నువ్వే. గట్టెక్కేటప్పుడు పేషెంటు తల పై వైపు పెడతారు కదా, అప్పుడు బరువు ఎక్కువగా కింది వైపు మోసేవాళ్ళ మీద పడుతుంది. బలమైనవాళ్ళిద్దరినీ కాళ్ళ వైపు పెట్టు. ఒక కాలు పడవలో, ఒక కాలు ఒడ్డున పెట్టి ఎత్తడం ఎప్పుడూ చేయకు. పడవను ఒడ్డుకు బిగించి కట్టించి, బల్ల చెక్క వేయించి, స్ట్రెచర్ తల వైపు చెక్క మీద ఆనించి జరపండి. జరపగలిగినదాన్ని ఎత్తకూడదు. ఇంట్లో మంచం మీద నుంచి స్ట్రెచర్ మీదకు మార్చేటప్పుడు కూడా దుప్పటి కింద నునుపైన ప్లాస్టిక్ పట్టా ఒకటి తోస్తే లాగడానికి పట్టే బలం బాగా తగ్గుతుంది.

కలుక్కుమనడానికి ఇంకో కారణం నీ ఉత్తరంలో లేదు, కానీ ఊహించగలను. ఆ కాల్‌కు ముందు ఎంతసేపు బండిలో కూర్చున్నావు? ముందుకు వాలి కూర్చుంటే వెన్ను వెనక తాళ్ళు సాగి వదులవుతాయి. గతుకుల రోడ్డు కుదుపు దానికి తోడు. దిగీ దిగగానే బరువెత్తితే ఆ వదులు తాళ్ళే మొయ్యాలి. బండి దిగినప్పుడు రెండు చేతులూ నడుం వెనక పెట్టుకుని మూడు నాలుగుసార్లు వెనక్కి వంగు, కిట్టు బ్యాగు తీసుకుని నడిచి వెళ్ళు. నువ్వు పేషెంటు నాడి చూసే టైములో నీ నడుం సర్దుకుంటుంది. ఎవరి ప్రాణానికీ ఆలస్యం కాదు.

మన రాష్ట్రంలో 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. ఇరవయ్యేళ్ళు దాటింది. 2022 జులై వరదల్లో మెడలోతు నీళ్ళున్న లంకల నుంచి మనుషుల్ని మోసుకొచ్చిన చేతులు మన కళ్ళ ముందే ఉన్నాయి. అలాంటి పనిచేసే మనిషి నలభై ఏళ్ళకే నడుం వల్ల ఆఫీసు కుర్చీకి మారిపోవడం నేను చూడలేను. పై అధికారులకు రాసేటప్పుడు "నడుం నొప్పి" అని మాత్రమే రాయకు. ఏ రేవు, ఎంత ఏటవాలు, ఎందరు మోశారు అని రాయి. పరిష్కారం అక్కడుంది.

*

ప్రశ్న: కాలువ లస్కరుగా చేస్తున్నానండి. వానాకాలంలో గుర్రపుడెక్క వచ్చి తూముకు అడ్డం పడుతుంది. నీళ్ళలో దిగి చేతుల్తో లాగి గట్టు మీద పడేస్తాం. సాయంత్రానికి వెన్నంతా కొయ్యలా బిగుసుకుంటుంది. షట్టరు తిప్పడానికి కూడా బలం చాలట్లేదు. నాకు యాభై రెండు.
– ఒక లస్కరు, మధ్య డెల్టా

జవాబు: బాబాయ్ గారూ, మా నాన్నగారు కూడా లస్కరేనండి. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారంటే మా ఇంట్లో తెల్లవారుజామున నిద్ర ఉండేది కాదు. మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను.

గుర్రపుడెక్కలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. మీరు నీళ్ళలోంచి పైకెత్తుతున్నది మొక్కను కాదు, నీటిని. అందుకని ఎత్తొద్దు, ఈడ్చండి. నీళ్ళ మీద తేలుతున్నంతసేపు దాని బరువు కాలువే మోస్తుంది. మామిడికాయలు కోసే దోటీ లాంటి పొడుగు కర్రకు ఇనప కొక్కెం వేయించుకుని, గట్టు మీద నిలబడే దగ్గరకు లాగండి. ఎక్కువగా ఉంటే తాడు చుట్టూ వేసి ఇద్దరు గట్టు వెంట నడుస్తూ లాగొచ్చు. ఒడ్డుకు చేరాక వెంటనే గట్టు మీదకు ఎత్తి పడేయకుండా, సగం నీటి అంచున వదిలి నీరు ఓడనివ్వండి. ఎండ ఉంటే రెండు రోజులకు ఎంత తేలికవుతుందో మీరే చూస్తారు. అది మళ్ళీ కాలువలోకి జారకుండా అంచున రెండు గూటాలు దిగ్గొట్టండి చాలు.

షట్టరు విషయంలో మీ బలాన్ని అనుమానించే ముందు మరను అనుమానించండి. స్క్రూకు గ్రీజు పెట్టి ఎన్నాళ్ళైంది? తుప్పు పట్టిన మర తిప్పుతూ భుజం పాడుచేసుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గ్రీజు, తుప్పు పని చేయించమని రాతపూర్వకంగా అడగండి. తిప్పేటప్పుడు ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి, చేతులు గుండె కంటే ఎత్తుకు పోకుండా, ఒంటి బరువుతో నెట్టండి. ఒక్క ఉదుటున ఊపొద్దు.

*

ప్రశ్న: గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటును, కరెంటు లైన్ల పని చేస్తాను. కుడి మోచేయి బయటి వైపు నొప్పి. టీ గ్లాసు ఎత్తినా, తలుపు గొళ్ళెం తిప్పినా ప్రాణం పోతుంది. ఇంజెక్షన్ చేయించుకుంటే వెంటనే తగ్గుతుందంటున్నారు. చేయించుకోనా?
– ఒక పాఠకుడు

జవాబు: దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు. టెన్నిస్ ఆడనవసరం లేదు, కటింగ్ ప్లయరు చాలు. మణికట్టును పైకెత్తి పట్టే కండరాలు మోచేయి బయటి ఎముకకు అతుక్కుని ఉంటాయి. గట్టిగా పిడికిలి పట్టినప్పుడల్లా అక్కడే లాగుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో మొదటి కొన్ని వారాలు హాయిగా ఉంటుంది. కానీ ఏడాది తరవాత చూస్తే, ఇంజెక్షన్ చేయించుకోనివాళ్ళ కంటే చేయించుకున్నవాళ్ళకే నొప్పి మళ్ళీ ఎక్కువగా వచ్చిందని ఒకటి కంటే ఎక్కువ పరిశోధనలు చూపించాయి. నేనైతే తొందరపడొద్దంటాను.

ముంజేతిని బల్ల మీద పెట్టి, అరచెయ్యి కిందికి ఉండేలా అర లీటరు నీళ్ళ సీసా పట్టుకోండి. రెండో చేతి సాయంతో మణికట్టు పైకెత్తి, సాయం తీసేసి, ఐదు లెక్కపెట్టేంత మెల్లగా కిందికి దించండి. రోజూ పదిహేనేసి చొప్పున మూడుసార్లు. కొంచెం నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు పెరిగితే సీసాలో నీళ్ళు తగ్గించండి. రెండు మూడు నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

పనిలో మార్చాల్సింది ప్లయరు పిడి. పొడుగు పిడి ఉన్న కట్టరుకు అదే తీగ తక్కువ బలంతో తెగుతుంది. రబ్బరు తొడుగు చిరిగిన పిడి మార్చండి. నిచ్చెన ఇంకో మెట్టెక్కి, పడిపోకుండా కట్టుకునే సేఫ్టీ బెల్టు బిగించుకుంటే పని తల పైన కాకుండా ఛాతీ ముందుకు వస్తుంది. తల పైకి చేతులెత్తి జంపరు (తీగలను కలిపే ముక్క) బిగించడమే భుజానికీ మోచేతికీ చేటు. సామాన్ల సంచి భుజాన వేసుకుని ఎక్కొద్దు, పైకెళ్ళాక తాడుతో లాక్కోండి. నిచ్చెన ఒక్కరే మొయ్యొద్దు. లైన్ క్లియర్ (కరెంటు ఆపించడం), ఎర్తింగ్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, నొప్పి చేత్తో హడావుడిగా ఎక్కి వాటిని దాటేయొద్దని మాత్రం చెబుతాను.

1996 నవంబరు 6 తుఫాను తరవాత కోనసీమలో స్తంభాలు ఎలా పడిపోయాయో పెద్దవాళ్ళకు గుర్తే. అలాంటప్పుడు రోజుల తరబడి పగలూ రాత్రీ పనిచేస్తారు. ఆ వారంలో తెచ్చుకున్న మోచేతి నొప్పులు ఏడాది ఉంటాయి. తుఫాను పనుల్లోనైనా గంటకోసారి పైకెక్కే మనిషీ కింద అందించే మనిషీ మారిపోవాలి.

*

ప్రశ్న: పంచాయతీ కార్యదర్శిని. మా గ్రీన్ అంబాసిడర్లకు, అంటే ఊళ్ళో చెత్త ఎత్తే పనివాళ్ళకు, నొప్పులు ఎక్కువగా ఉన్నాయి. నిధులు కొద్దిగా ఉన్నాయి. "బరువు ఎలా ఎత్తాలి" అని ఒక శిక్షణ తరగతి పెట్టిద్దామా, బెల్టులు కొందామా?
– ఒక కార్యదర్శి, తూర్పు డెల్టా

జవాబు: ఈ ప్రశ్న వేసినందుకు మీకు నమస్కారమండి. చాలామంది అధికారులు అడగరు.

బెల్టుల సంగతి పైన చెప్పాను. తరగతి ఒక్కటే పెడితే ప్రయోజనం లేదు. మోకాళ్ళు వంచి ఎత్తండి అని చెప్పిన శిక్షణ నడుం నొప్పిని ఆపలేదని దీనిమీద జరిగిన పెద్ద సమీక్షల్లో తేలింది. బరువు మారకుండా, ఎత్తే చోటు మారకుండా, మనిషిని మాత్రం మారమంటే ఎలా మారతాడు? 2016లో వచ్చిన ఇంకో సమీక్ష, వ్యాయామం చేస్తూ దానితో పాటు విషయం తెలుసుకున్నవాళ్ళకు నొప్పి తక్కువగా వచ్చిందని చెప్పింది. కాబట్టి పొద్దున్న హాజరు తరవాత పది నిమిషాల వ్యాయామం పని గంటల్లోనే పెట్టండి. ఇంటికెళ్ళి చేసుకోమంటే ఆడవాళ్ళకు కుదరదు. ఇంటికెళ్తే వాళ్ళకు వంట ఉంది.

నిధులు మాత్రం పనిముట్ల మీద పెట్టండి. ఎవరి ఎత్తుకు తగ్గ కర్ర వాళ్ళకు. బండ్లకు టైర్లు, బేరింగులు. డ్రెయిన్ మీద పలకలు ఎత్తడానికి ఇద్దరు పట్టే కొక్కేలు, ఎందుకంటే వేళ్ళతో ఎత్తే పలక నడుమునే కాదు, వేళ్ళనూ నలిపేస్తుంది. చెత్త డబ్బాలు నేల మీద కాకుండా మోకాలి ఎత్తు దిమ్మ మీద పెట్టిస్తే వంగే పని సగం పోతుంది, ఇటుకలూ సిమెంటూ ఖర్చు అంతే. గ్లవ్సులు కొనేటప్పుడు అందరికీ ఒకే సైజు కొనకండి. మగవాళ్ళ సైజు గ్లవ్సు వేసుకున్న ఆడమనిషి చీపురు జారకుండా రెట్టింపు బిగించి పట్టుకోవాలి. మణికట్టు నొప్పులకు అదొక కారణం, చాలామంది గ్లవ్సు తీసి పక్కన పెట్టేయడానికీ అదే కారణం. మనం మాత్రం వాళ్ళు మాట వినరంటాం.

మే నెల పూడికతీత పదింటిలోపు ముగించండి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే కండరాలు కొంకర్లు పోతాయి. కొబ్బరి బొండాం మనకు చవకే, మంచిదే, కానీ అందులో ఉప్పు తక్కువ. చెమట బాగా పట్టే పనికి ఉప్పేసిన మజ్జిగ నయం. లేదంటే లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అది మీకు తెలిసే ఉంటుంది, తెలిసినా మళ్ళీ రాస్తున్నాను.

ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరికి ఎక్కడ నొప్పి మొదలైందో ఆ రోజే రాయించండి. ఒకే పని చేసే ముగ్గురికి ఒకే చోట నొప్పి ఉంటే ఆ పనిని చూడండి. రాయించినందుకు జీతం కోయరని, పని తీసేయరని మీరు నోటితో చెప్పాలి, చెప్పినట్టు నిలబడాలి. లేకపోతే ఆ పుస్తకం ఖాళీగానే ఉంటుంది, ఖాళీ పుస్తకం చూపించి అందరూ బాగున్నారని పై వాళ్ళు రాసుకుంటారు.

*

ప్రశ్న: మా వారు ఆర్టీసీ డ్రైవరండి. నెలరోజులుగా నడుం నుంచి పిక్క దాకా లాగుతోంది. పూర్తిగా మంచం మీద పడుకోమని ఒకరు, తైలం పెట్టి తొక్కించమని ఒకరు చెబుతున్నారు. ఎప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళాలి?
– ఒక సోదరి, రావులపాలెం దగ్గర

జవాబు: మంచం పట్టడం వద్దమ్మా. ఒకటి రెండు రోజులు మించి పడుకుంటే కండరాలు నీరసిస్తాయి, కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఇంట్లో, వాకిట్లో కొంచెం కొంచెంగా నడవమనండి. తైలం రాసి మెల్లగా మర్దన చేస్తే హాయిగానే ఉంటుంది, తొక్కించడం మాత్రం వద్దు. డ్యూటీకి వెళ్ళాక సీటును క్లచ్చి పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండేంత దగ్గరకు జరుపుకోవాలి, నడుం వంపులో తువ్వాలు చుట్ట పెట్టుకోవాలి. చివరి స్టాపులో బండి ఆపగానే దిగి నడవాలి. పర్సు వెనక జేబులో పెట్టుకుని కూర్చోకూడదు. ఆరు వారాలకు చాలామందికి తగ్గుముఖం పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి.

కానీ ఈ లక్షణాలు కనిపిస్తే ఆరు వారాలు కాదు, ఆరు గంటలు కూడా ఆగకూడదు: మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం. దొడ్డికి వెళ్ళడం మీద పట్టు తప్పడం. కూర్చునే చోట, తొడల లోపలి వైపు మొద్దుబారడం. పాదం పైకి లేవక చెప్పు ఈడ్చుకుపోవడం. ఇవి నడుంలోని నరాల గుత్తి నొక్కుకుపోయిన గుర్తులు. ఆపరేషన్ ఎంత ఆలస్యమైతే ఆ పట్టు తిరిగి రావడం అంత కష్టం. రాత్రి ఎన్నింటికైనా సరే కాకినాడ గానీ, రాజమండ్రి గానీ బయల్దేరండి. నడుం నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే అదే వారంలో చూపించాలి. ఇంకొకటి, డ్రైవింగు చేసేటప్పుడో బరువెత్తినప్పుడో ఛాతీలో బిగుతుగా ఉండి ఎడమ చేతికి నొప్పి లాగితే, చెమటలు పడితే కండరం పట్టిందనుకుని తైలం రాయొద్దు. బండి పక్కకు ఆపించి 108కి ఫోన్ చేయమని మీ వారికి ఇవాళే చెప్పండి.